చవుక కంప్యూటరు: ఒక చిన్న చరిత్ర



ఇటీవల నొకనాడు మా చెల్లెలు తెనాలి ప్రాంతమునందలి తన గ్రామమునుండి మా యింటికి వచ్చెను. వెంట ఆమె కుమారుడును, కోడలును ఉండిరి. కుశలప్రశ్నలైన పిమ్మట ఆమె కొంగుముడి విప్పి, రబ్బరు చుట్టిన నోట్లకట్ట నొకదానిని నా ముందుంచి, "అన్నయ్యా, చీటీ పాడాను. ఇరవై వేలు. కోడలు దూరవిద్యలో బి.ఏ. చదువుతోంది. ఇంటర్నెట్టుకు పనికొచ్చే ల్యాప్‌టాప్ ఒకటి నువ్వే చూసి కొనిపెట్టాలి" అనెను. మా మేనల్లు డేమియు ననలేదు. ఒక్కమారు నా వంక జూచి తల వంచుకొనెను. ఆ చూపునకు గల యర్థము నే నెఱుగుదును. దానిని సమయము వచ్చినపుడు విన్నవించెదను.

అడిగిన పని చిన్నదే. ఉత్తరములు చదువుట, వ్రాయుట, దరఖాస్తులు నింపుట, పాఠములు చూచుట, విద్యుచ్ఛక్తి రుసుము చెల్లించుట: ఇంతే కదా! ఇంత చిన్న పనికి ఎంత చిన్న యంత్రమైనను చాలునని మన మనుకొందుము. నేనును ఒకప్పు డట్లే యనుకొంటిని. ఈ భ్రమ మన యొక్కరిది మాత్రమే కాదు. గొప్ప గొప్ప సంస్థలును, ప్రభుత్వములును దీనికి లోనైనవి. చవుక కంప్యూటరు చరిత్ర యనగా చాలవరకు ఈ భ్రమయొక్క చరిత్రయే. దానిని కొంత తెలిసికొనినచో, అంగడికి బోవునపుడు మనకు మేలు కలుగునను తలంపుతో నేటి ప్రసంగమున కీ విషయము నెన్నుకొంటిని.

చేత బట్టుకొని పోదగిన కంప్యూటరును గూర్చి తొలుత కలగన్నవారిలో అమెరికా దేశస్థుడగు అలన్ కే ముఖ్యుడు. జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయములో పనిచేయుచు, ఆయన 1972లో ఒక వ్యాసము వ్రాసెను. పిల్లలు వ్రాతపుస్తకమువలె చంకన బెట్టుకొని పోగల యంత్రము కావలెననియు, దాని వెల 500 డాలర్ల దరిదాపులకు రావలెననియు ఆయన యాశయము. దానికి డైనాబుక్ అని పేరు పెట్టెను. నాటి సాంకేతిక శక్తి దానిని నిర్మింప జాలకపోయెను. కాని యొక విశేషము గమనింపుడు: ఆయన ముందుగా అడిగిన ప్రశ్న "వెల యెంత?" అనునది కాదు. "బాలుడు దీనితో నేమి చేయును?" అనునది. ఈ రెండు ప్రశ్నలలో ఏది ముందు, ఏది వెనుక యను దానిపైననే తరువాతి కథ యంతయు ఆధారపడి యున్నది.

1981 ఏప్రిలులో ఆస్‌బర్న్ 1 అను యంత్రము వెలువడెను. వెల 1,795 డాలర్లు. బరువు పదునొకండు కిలోగ్రాములు, అనగా మన పాత లెక్కకు ఇంచుమించుగా ఒక మణుగు! కుట్టుమిషను పెట్టెవలె నుండెడిది. తెర అయిదంగుళములు మాత్రమే. పంక్తికి 52 అక్షరములు పట్టెడివి. విద్యుత్తు తీగ తగిలించిననే గాని నడువదు. ఐనను జనులు దానిని ఆదరించిరి. ఏల యనగా, ఉత్తరములు వ్రాయుటకును, లెక్కలు కట్టుటకును వలసిన సాధనము లన్నియు ఆ వెలలోనే ఇమిడ్చి యిచ్చిరి. కొన్నవాడు ఇంటికి తీసికొనిపోయి పెట్టె విప్పినంతనే పని చేసికొనగలిగెను. ఆ సంస్థ 1983లో దివాలా తీసినది గాని, పనికి వలసినది పూర్తిగా ఇచ్చుటయే నిజమైన చవుకయను పాఠమును మాత్రము మిగిల్చిపోయెను.

ఇక మన దేశమునకు వత్తము. ఇక్కడ సామాన్యునకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చినది 1995 ఆగస్టు 15వ తేదీని. ఆ తరువాత మూడేండ్లకు, 1998లో, బెంగుళూరునందు కొందరు ఆచార్యులును ఇంజనీర్లును గూడి, పల్లెవాసులకు పనికివచ్చు చవుకయంత్రమును చేయ సంకల్పించిరి. భారతీయ విజ్ఞానసంస్థకు చెందినవారును, ఎంకోర్ అను సంస్థవారును ఇందు పాల్గొనిరి. దానికి సింప్యూటరు అని పేరు. అక్షరము రానివారికి సయితము మాతృభాషలో మాటలు వినిపించు నేర్పు దాని కుండెను. ఉద్దేశ్యము మిగుల నుదాత్తమైనది. కాని యది అంగడికి వచ్చుసరికి 2004వ సంవత్సర మాయెను. వెల పదివేల రూపాయల దరిదాపులకు చేరెను. అప్పటికే సెల్‌ఫోను చేతులలోనికి వచ్చుచుండెను. అరచేతిలో నిముడు ఆ యంత్రమునకు మీటల వరుస లేదు. కొలది వేలు మాత్రమే అమ్ముడుపోయి, సింప్యూటరు చరిత్రలో కలిసిపోయెను.

2005 జనవరిలో నికొలస్ నెగ్రోపాంటి యను అమెరికా ఆచార్యుడు స్విట్జర్లాండులోని దావోసు నగరమున ఒక ప్రతిజ్ఞ చేసెను: బీదదేశముల బాలబాలికల కందరికిని నూరు డాలర్లకే ల్యాప్‌టాపు! నూరు డాలర్లనగా నాటి మారకమున సుమారు 4,400 రూపాయలు. ఆ సంవత్సరమే నవంబరులో ట్యునీసు నగరమున జరిగిన ప్రపంచసభలో దాని నమూనాను చూపిరి. విద్యుత్తు లేని చోట చేతితో త్రిప్పుటకు దానికొక పిడి యుండెను. 2007 నవంబరు నాటికి ఆ యంత్రము కర్మాగారమునుండి విరివిగా వెలువడసాగెను. ఎండలో సయితము చదువదగిన తెర దాని కుండెను. అది మేరీ లూ జెప్సెన్ అను విదుషి నేర్పు. కాని పిడి పోయినది. నూరు డాలర్ల వెలయు పోయినది. ఒక్కొక్కదానికి 180 డాలర్లకు పైబడెను. ఉరుగ్వే వంటి చిన్న దేశము తన ప్రాథమిక పాఠశాలల పిల్లల కెల్ల వానిని పంచినది. పెరూ దేశమున జరిపిన పరిశీలన మాత్రము, యంత్ర మిచ్చినంతమాత్రమున లెక్కలలోను, భాషలోను పిల్లల మార్కులు పెరుగలేదని 2012లో తేల్చెను.

ఐనను నెగ్రోపాంటి ప్రతిజ్ఞ వృథా కాలేదు. చవుక ల్యాప్‌టాపు సాధ్యమని లోకమునకు నమ్మకము కలిగెను. 2007 జూనులో తైవాను రాజధానియగు తైపే నగరపు ప్రదర్శనలో ఆసుస్ సంస్థవారు 'ఈ పీసీ' అను చిన్నయంత్రమును ప్రకటించిరి. మొదట వినవచ్చిన వెల 199 డాలర్లు. అంగడికి వచ్చునప్పటికి ఎక్కువగా అమ్ముడైన రకము అమెరికాలో 399 డాలర్లాయెను. ఏడంగుళముల తెర, బరువు కిలోగ్రామునకు లోపే, అనగా ఒక వీశెకంటె తక్కువ. దీనిని చూచి తక్కిన సంస్థలును అట్టివానినే చేయ నారంభించినవి. వానికి 'నెట్‌బుక్కు' అని పేరు వచ్చెను. 2008, 2009 సంవత్సరములలో లోకమంతటను వానిదే ప్రాభవము.

మఱి అవి యేమైనవి? అయిదారేండ్లలో అంగళ్లనుండి దాదాపుగా ఏల మాయమైనవి? ఈ ప్రశ్న మనకు ముఖ్యము.

ఇక్కడ కంప్యూటరు స్వభావమును గూర్చి ఒక మాట చెప్పవలెను. వెనుకటి కరణముగారిని తలచుకొనుడు. ఆయన దప్తరములన్నియు పెట్టెలో నుండెడివి. పని చేయునపుడు వలసిన కాగితములను మాత్రము చాపమీద పరచుకొనెడివాడు. కంప్యూటరునందును ఇట్టివి రెండు కలవు. దాచుకొను నిల్వ పెట్టెవంటిది. ర్యామ్ అని పిలువబడు పనిస్మృతి చాపవంటిది. పెట్టె యెంత పెద్దదైనను, చాప చిన్నదైనచో రెండు కాగితములు పరవగానే మూడవదానికి చోటుండదు; ఒకటి తీసిననే గాని మఱియొకటి పరవలేము. చవుకయంత్రము నత్తనడక నడుచుటకు కారణము చాలవరకు ఈ చాపయే.

నెట్‌బుక్కుల చాపను చిన్నదిగా ఉంచినది కేవలము పేదరికము కాదు; వ్యాపారనీతి. మైక్రోసాఫ్టు సంస్థవారు తమ పాత విండోస్ ఎక్స్‌పీని సామాన్య యంత్రములతో నమ్ముట 2008 జూన్ 30తో నిలిపివేసినను, ఈ చవుకయంత్రములకు మాత్రము మఱికొంతకాల మనుమతించిరి. కాని దానికి కొన్ని కట్టుబాట్లు పెట్టిరి. పనిస్మృతి ఒక గిగాబైటుకు మించరాదనునది అందొకటి. 2009లో వచ్చిన విండోస్ 7 స్టార్టరు అను చవుక రకములో తెరవెనుకనుండు చిత్రమును మార్చుకొను స్వేచ్ఛ సయితము లేకుండెను! చవుకయంత్రము మరీ బాగుగా పనిచేసినచో ఖరీదైన యంత్రమును కొనువా డెవ్వడు? కావుననే దానికి ముందుగనే ముక్కుత్రాడు వేసిరి.

ఇంతలో ఇంటర్నెట్టు మారిపోయెను. ఇది రెండవ కారణము. 2010 ప్రాంతమున సాధారణమైన ఒక వెబ్బుపుట బరువు అర మెగాబైటు లోపు. ఇటీవలి సంవత్సరములలో అది రెండు మెగాబైట్లను మించినది. బొమ్మలు, కదలు చిత్రములు, ప్రకటనలు, తెరవెనుక నడుచు చిన్న చిన్న కార్యక్రమములు: ఇవి యన్నియు చేరి పుటను బరువెక్కించినవి. మన పని మారలేదు. అదే ఉత్తరము, అదే దరఖాస్తు. కాని ఆ పని చేయు చోటు బరువెక్కినది. కొన్ననాడు చాలిన యంత్రము మూడేండ్లకే చాలకపోవుటకు రహస్య మిదియే. 2010 జనవరిలో ఆపిల్ సంస్థవారు ఐప్యాడు అను పలకను చూపగానే, నెట్‌బుక్కులతో విసిగిన జనుల దృష్టి అటు మళ్లెను.

ఆ గాలి మన దేశమున గూడ వీచెను. 2011 అక్టోబరు 5వ తేదీని ఢిల్లీలో కేంద్రప్రభుత్వమువారు ఆకాశ్ అను విద్యార్థుల పలకను ఆవిష్కరించిరి. లోకములోకెల్ల చవుకయైన పలకయని పత్రికలు వ్రాసినవి. ఒక్కొక్కదానికి ప్రభుత్వము చెల్లించినది రెండువేల మూడువందల రూపాయలకు లోపే. తొలి పలకలు కూర్పబడినది మన హైదరాబాదులోనే యని వినినపుడు నాకెంతో సంతోషము కలిగెను. కాని 256 మెగాబైట్ల పనిస్మృతి, నొక్కిననే గాని పలుకని తెర, మందకొడి మెదడు: వీనితో విద్యార్థి చేయగలిగినది స్వల్పము. మరుసటి సంవత్సరము నవంబరులో మెరుగుపరచిన రెండవ ఆకాశ్ వెలువడినను, తొలినాటి ఉత్సాహము మఱల రాలేదు. ఇక్కడను వెలను ముందు నిర్ణయించి, ఆ వెలకు సరిపడ యంత్రమును కుదించిరి.

ఇప్పుడు మా మేనల్లుని చూపునకు గల యర్థమును చెప్పెదను.

2012లో ఆతడు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ఓ మోస్తరు స్థానము సంపాదించెను. కళాశాలల నొకదాని తరువాత నొకటి ఎంచుకొని ఆ వరుసను వెబ్బులో నమోదు చేయవలసి యుండెను. నేను పెద్దమనిషిని, పట్టణవాసిని, నాలుగు పత్రికలు చదువువాడను. "దీనికి ల్యాప్‌టాపెందుకు? నాలుగువేలలో పలక వస్తుంది, పని జరిగిపోతుంది" అని చెప్పి, ఏడంగుళముల పలక నొకదానిని నేనే కొని పంపితిని. ఎవరు చేసినదో చెప్పుట అనవసరము, ఎంచినవాడను నేను. గడువునకు ముందటి సాయంకాలము ఆతడు కూర్చుండెను. పుట సగమే తెరచుకొనెడిది. ఒక గడిని తాకినచో మఱియొకటి పలికెడిది. అయిదారు కళాశాలలు నింపునప్పటికి అంతయు మూతపడి, మఱల మొదటికి వచ్చెడిది. రాత్రి తొమ్మిది గంటలకు సైకిలు తొక్కుకొని పట్టణమునందలి నెట్టుసెంటరుకు బోగా, దాని తలుపులు మూసియుండెను. తుదకు నిలిచినవి మూడే యెంపికలు. వచ్చిన కళాశాల బహుదూరము. వసతిగృహపు ఖర్చు మా చెల్లెలు భరింపజాలనిది. ఆతడు చేరలేదు. తరువాత దగ్గరి కళాశాలలో బి.ఎస్‌సి. చదివి, ఇప్పుడొక బియ్యపుమిల్లులో లెక్కలు వ్రాయుచున్నాడు. నన్ను ఎన్నడును నిందింపలేదు. నిందించినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ తరువాతనే నేనీ చరిత్రను శ్రద్ధగా చదువనారంభించితిని.

2011 జూనులో అమెరికాలో మఱియొక మార్గము మొదలయ్యెను. గూగుల్ సంస్థవారు ఏసర్, శామ్‌సంగ్ సంస్థలచేత క్రోమ్‌బుక్కు అను యంత్రమును చేయించిరి. దానిలో ముఖ్యముగా నుండునది ఇంటర్నెట్టు చూచు సాధనమొక్కటే. తక్కినది సర్వము తగ్గించిరి. మరుసటి సంవత్సరమున ఒక రకము 249 డాలర్లకే లభించెను. పని యేదో ముందు నిశ్చయించుకొని, అనవసరమైనదానిని తరువాత తీసివేయుటచేత ఇది నిలద్రొక్కుకొనెను. అమెరికా పాఠశాలలలో విశేషముగా వ్యాపించెను. కాని దీనికొక ఆయుర్దాయ మున్నది. ప్రతి రకమునకును రక్షణసవరణలు ఏనాటితో ఆగిపోవునో ముందే నిర్ణయింపబడియుండును. ఆ తేదీ కొన్ననాటినుండి కాక, ఆ రకము తొలుత వెలువడిననాటినుండి లెక్క. 2023లో ఆ గడువును పదేండ్లకు పొడిగించిరి. కావున చవుకగా వచ్చినదని పాతరకపు యంత్రమును కొన్నవాడు, సగము కాలిన దీపమును కొన్నవాడే.

విండోస్ యంత్రముల సంగతియు నిట్టిదే. 2014 మొదలుకొని 32 గిగాబైట్ల నిల్వగల చవుక ల్యాప్‌టాపులు విరివిగా వచ్చినవి. వానిలో విండోస్ తానే చాలవరకు ఆక్రమించి, కొత్త సవరణ వచ్చినపుడు అది దిగుటకే చోటు లేకుండ చేసెను. ఆ నిల్వయు పలకకు అతికింపబడినదగుటచే మార్చుటకు వీలులేదు. 2021లో వచ్చిన విండోస్ 11 కనీసము 4 గిగాబైట్ల పనిస్మృతిని, 64 గిగాబైట్ల నిల్వను అడిగెను. ఇంటెల్ మెదడు గల యంత్రములలో స్థూలముగా ఎనిమిదవ తరమునకు ముందువానిని అంగీకరింపలేదు. విండోస్ 10కి ఉచితముగా లభించు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది.

ఇంత చరిత్ర చెప్పి, చేయవలసినదేమో చెప్పకున్నచో శ్రోతలకు న్యాయము చేసినవాడను కాను. మే మేమి చేసితిమో చెప్పెదను.

మరునాడు నలుగురమును అంగడికి బోతిమి. ఈ మారు ఎంచువాడను నేను కాదని మేనల్లునితో ముందే చెప్పితిని. దుకాణదారుడు పదునారువేలలో ఒక కొత్తయంత్రమును చూపెను. సన్నగా, తళతళలాడుచు, పుస్తకమువలె తేలికగా నుండెను. 4 గిగాబైట్ల పనిస్మృతి, పెంచుటకు వీలులేనిది. మా మేనల్లుడు ఏమియు మాటాడక దానిముందు కూర్చుండి, కోడలు చదువు విశ్వవిద్యాలయపు పుటను తెరచెను. దాని ప్రక్కనే ఒక పాఠపు చిత్రమును, పిదప ఉత్తరముల పెట్టెను, పిదప దరఖాస్తు నొకదానిని తెరచెను. నాలుగవది తెరచి మొదటిదానికి మరలి వచ్చునప్పటికి ఆ పుట మాయమై, మఱల మొదటినుండి దిగసాగెను. ఆతడు తల యెత్తి నా వంక జూచెను. మే మిరువురమును ఒక్కదానినే తలచుకొంటిమి.

పిదప మఱియొక వీథిలో, కార్యాలయములవారు వాడి మార్చివేసిన యంత్రములను బాగుచేసి యమ్ము దుకాణమునకు బోతిమి. అచ్చట ఎనిమిదవ తరపు ఇంటెల్ మెదడు, 8 గిగాబైట్ల పనిస్మృతి గల ల్యాప్‌టా పొకటి దొరకెను. బరువెక్కువ; మూల నొక గీత. కాని మీటలు గట్టివి, అక్షరములు స్ఫుటము, తెర పదునాలుగంగుళములు. నాలుగు పుటలు కాదు, పది పుటలు తెరచినను తొట్రుపడలేదు. కోడలు తానే కూర్చుండి అరపుట తెలుగు కొట్టి చూచెను. బ్యాటరీ మాత్రము ముసలిది. పదునేడువేలకు బేరము కుదిరెను. కొత్త బ్యాటరీకి రెండువేలు. ఆరు నెలల పూచీ వ్రాయించి, రశీదు తీసికొంటిమి. వాడినదానిని కొనువారు రశీదును మరువరాదు. దొంగసొత్తు కాదనుటకు అదియే సాక్ష్యము. మా చెల్లెలు మిగిలిన వేయి రూపాయలను మఱల కొంగున ముడివేసికొనెను.

అందరును వాడినదానినే కొనవలెనని నా యభిప్రాయము కాదు. కొత్తదైనను, పాతదైనను, అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. పనిస్మృతి యెంత, పెంచుటకు వీలున్నదా? నిల్వ 64 గిగాబైట్లకు మించియున్నదా? రక్షణసవరణలు ఏ సంవత్సరము వరకు వచ్చును? ఈ మీటలమీద నొక గంట, ఈ తెర యెదుట రెండు గంటలు మన వ్రేళ్లును, కన్నులును ఓర్చునా? వెల యెంత యను ప్రశ్న అయిదవది. దానిని మొదట అడిగినవారు తరువాత రెండుమారులు చెల్లించిరని యీ యేబదియేండ్ల చరిత్ర చెప్పుచున్నది. మా యింట చెల్లించినది డబ్బుతో మాత్రమే కాదు.

నెల గడచిన పిమ్మట ఒకనాటి రాత్రి మేనల్లుడు ఫోను చేసెను. కోడలి పరీక్షరుసుమునకు ఆనాడే కడపటి తేదీ. దరఖాస్తు నింపి పంపిరట. "మామయ్యా, పేజీ మొత్తం వచ్చింది" అనెను. కొంతసే పిరువురమును మాటాడలేదు. పిదప ఆతడు మా ఆరోగ్యములను, వానలను గూర్చి యడిగి, ఫోను పెట్టివేసెను.

సెలవు.